జేబుల్లేని మ్యాజిక్: చీర, గాజులు, పది రూపాయల నాణెం (ఒక కేస్ స్టడీ)

ఎవరు, ఏం కావాలన్నారు

హైస్కూల్లో లెక్కలు చెప్పే ఒక టీచర్ గారు నాణేల ట్రిక్కుల్లో సాయం కావాలని నా దగ్గరికి వచ్చారు. వయసు నలభైకి దగ్గర. గోదావరి జిల్లాల్లో ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నారు. వీడియోలు చూసి క్లాసిక్ పామ్ (నాణేన్ని అరచేతి కండల మధ్య నొక్కి దాచడం), ఫింగర్ పామ్ (వంచిన వేళ్ళలో దాచడం), బొటనవేలికి తొడిగే థంబ్ టిప్‌తో రుమాలు మాయం చేయడం, స్పాంజి బంతులు సొంతంగా నేర్చుకున్నారు. సాధనలో లోటేమీ లేదు. అద్దం ముందు అన్నీ చక్కగా కుదురుతున్నాయి. బడిలో ప్రార్థన అయ్యాక చేసి చూపిస్తే మాత్రం ముందు వరసలో కూర్చున్న ఆరో తరగతి పిల్లలు "టీచర్, ఆ చేతిలోనే ఉంది!" అని అరుస్తున్నారు. చేసిన ప్రతిసారీ అదే.

ఆవిడ మొదటి రోజే ఒక షరతు పెట్టారు. "సార్, నేను చీరలోనే చేస్తాను. గాజులు తీయను. రోజూ బడికి ఎలా వెళ్తానో అలాగే ఉండి చేయాలి. కోటు వేసుకుంటే పిల్లలకి నేను వేరే ఎవరిలాగో కనిపిస్తాను."

ఈ షరతు వల్లే ఈ కేసు రాస్తున్నాను. హస్తలాఘవం పాఠాలు దాదాపు అన్నీ కోటు, ప్యాంటు వేసుకున్న మగమనిషిని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. నాణెం చివరికి ఎక్కడ వదిలేయాలి అంటే కుడి జేబులో. రెండో బంతి ఎక్కడి నుంచి రావాలి అంటే ఎడమ జేబులోంచి. కోటు లోపలి జేబు, చొక్కా చేతుల మడత, ప్యాంటు వెనక జేబు లేకపోతే ఆ పాఠం సగంలో ఆగిపోతుంది. మన దగ్గర మ్యాజిక్ నేర్చుకునే ఆడవాళ్ళు చాలామంది మధ్యలో మానేయడానికి ఇదొక ముఖ్యమైన కారణమని నా నమ్మకం. లోపం వాళ్ళ చేతుల్లో ఉందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

టీచర్ గారి అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఇక్కడ చెప్పే పట్లన్నీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదట పట్టే పాఠాలే. ఏ మ్యాజిషియన్ సొంత ఐటమ్‌నీ విప్పడం లేదు.

నేల మీద కూర్చుని చూస్తే

మొదటి సిట్టింగ్‌లో నేను కుర్చీలో కూర్చోలేదు. ఆవిడని నిలబెట్టి, పిల్లలు కూర్చునే చోట నేల మీద కూర్చుని చూశాను. అద్దం చెప్పనిది అక్కడి నుంచి వెంటనే తెలిసింది.

అద్దం ఎప్పుడూ మన కళ్ళ ఎత్తు నుంచే చూపిస్తుంది. నేల మీద కూర్చున్న పిల్లవాడి చూపు కింది నుంచి పైకి వస్తుంది. అరచేయి నేల వైపు తిరిగి ఉంటే, నిలబడ్డ మనిషికి చేతి వెనక భాగమే కనిపిస్తుంది, పిల్లవాడికి మాత్రం అరచేతిలో నాణెం అంచు తళుక్కుమంటుంది. ఫింగర్ పామ్‌లో అయితే చిటికెన వేలి పక్కన ఉన్న సందులోంచి దొరికిపోతుంది. చేయి కిందకి వేలాడేసినప్పుడు వేళ్ళ వంపులోకి నేరుగా చూడొచ్చు.

ఆవిడ లెక్కల టీచర్ కాబట్టి, ఇది మాటల్లో చెప్పకుండా టేపు పెట్టి కొలిచాం. నేల మీద కూర్చున్న పిల్లల కంటి ఎత్తు సుమారు 65 సెంటీమీటర్లు. నిలబడి చేస్తే ఆవిడ చేయి ఉండే ఎత్తు సుమారు 105. తేడా 40. పిల్లవాడు అర మీటరు దూరంలో ఉంటే ఊర్ధ్వకోణం దాదాపు 39 డిగ్రీలు. అదే పిల్లవాణ్ణి రెండు మీటర్ల దూరానికి జరిపితే 11 డిగ్రీలకి పడిపోతుంది. టీచర్ గారు ఒక స్టూలు మీద కూర్చుని చేతిని 75 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టుకుంటే, అదే రెండు మీటర్ల దూరంలో కోణం మూడు డిగ్రీల లోపే. అంటే ఇంట్లో అద్దంలో కనిపించే దృశ్యం, బడిలో పిల్లలు చూసే దృశ్యం దాదాపు ఒకటే అవుతాయి. చేతి పట్టులో ఏమీ మార్చకుండానే సగం సమస్య ఇక్కడ తీరింది. తర్వాత ఆవిడ ఇదే లెక్కని పదో తరగతిలో త్రికోణమితి అనువర్తనాల పాఠానికి వాడుకున్నారని విని చాలా సంతోషించాను.

అద్దం మాన్పించాను. సెల్‌ఫోన్‌ని నేల మీద ఒక ఇటుకకి ఆనించి రికార్డు చేసుకోమన్నాను. అద్దంతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అసలు పని జరిగే క్షణంలో చాలామంది తెలియకుండానే కళ్ళు ఆర్పుతారు. అద్దంలో ఆ రెప్పపాటు మనకి కనిపించదు, వీడియోలో కనిపిస్తుంది. ఆవిడకీ ఆ అలవాటు ఉంది.

ఇక చేతి సంగతి. ఆవిడ వాడుతున్నది అమెరికన్ హాఫ్ డాలర్, ఆన్‌లైన్‌లో కొన్నది. వ్యాసం 30.6 మిల్లీమీటర్లు, బరువు 11.34 గ్రాములు. నాణేల మ్యాజిక్ చేసేవాళ్ళు బాగా వాడే నాణెం ఇది. అంచున గాట్లు ఉంటాయి కాబట్టి అరచేతిలో జారదు. కానీ టీచర్ గారి చేయి చిన్నది. బొటనవేలి కింద కండకీ, చిటికెన వేలి వైపు కండకీ మధ్య ఆ నాణేన్ని నొక్కి పట్టాలంటే చేయి సగం తెరుచుకునే ఉండాలి. బొటనవేలు పక్కకి నిక్కి నిలబడుతుంది. వేళ్ళు బిగుసుకుంటాయి. నాణెం కనిపించకపోయినా ఆ చేతిలో ఏదో ఉందని చేతి ఆకారమే చెప్పేస్తుంది.

అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి గమనించాను. నాణెం లేని చేయి మాట్లాడుతోంది, ఊగుతోంది, చూపిస్తోంది. నాణెం ఉన్న చేయి తొడ పక్కన కదలకుండా ఉండిపోయింది. పిల్లలు పట్టుకున్నది నాణేన్ని కాదు, ఆ కదలని చేతిని.

నాణెం మార్చాం

చిల్లర డబ్బాలో ఉన్నవన్నీ టేబుల్ మీద పోసి ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టి చూశాం. 2007 నుంచి 2011 దాకా వచ్చిన స్టీలు రెండు రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, చేతికి సరిపోతుంది. కానీ బరువు ఆరు గ్రాములు కూడా లేదు, పైగా నున్నన. చెమట పడితే జారుతుంది. ఇంకో చిక్కు, ఆ స్టీలు అయస్కాంతానికి అతుక్కుంటుంది. హ్యాండ్‌బ్యాగు క్లిప్పుల్లో, ఫోన్ కవర్లలో అయస్కాంతాలు ఉండే రోజులివి.

ఇరవై రూపాయల నాణెం కూడా 27 మిల్లీమీటర్లే, బరువు 8.54 గ్రాములు, పన్నెండు భుజాలు. మూలలు కండలో దిగుతాయి కాబట్టి పట్టు గట్టిగా ఉంటుంది. అయితే మూల సరిగ్గా కూర్చునేదాకా వేలితో ఒకటి రెండుసార్లు తిప్పాల్సి వస్తుంది, ఆ సవరింపు చేతి వెనక వైపు నుంచి కూడా తెలుస్తుంది. గుండ్రటి నాణేనికి ఆ బాధ లేదు, ఎటు పడినా ఒకటే.

చివరికి పది రూపాయల నాణెం దగ్గర ఆగాం. 27 మిల్లీమీటర్లు, సుమారు 7.7 గ్రాములు. హాఫ్ డాలర్‌తో పోలిస్తే మూడున్నర మిల్లీమీటర్లే తక్కువ. ఆ మూడున్నర మిల్లీమీటర్లతో ఆవిడ బొటనవేలు చూపుడువేలి పక్కకి వచ్చి మామూలుగా ఆనుకుంది. రెండు రంగులు ఉండటం వల్ల దూరం నుంచి కూడా నాణెం స్పష్టంగా కనిపిస్తుంది. మాయం కావాలంటే ముందు బాగా కనిపించాలి కదా.

ఈ నాణేనికి మన దగ్గర ఇంకో సుగుణం ఉంది. పది రూపాయల బిళ్ళ చెల్లదని దుకాణాల్లో పుకారు ఏళ్ళ తరబడి నడిచింది. అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకే చెప్పాల్సి వచ్చింది. 2018 జనవరిలో ఇచ్చిన ప్రకటనలో అప్పటికి విడుదలైన 14 డిజైన్లూ చెల్లుతాయని స్పష్టం చేసింది. టీచర్ గారు దీన్నే మాటగా మార్చుకున్నారు. "ఇది చెల్లుతుందా, చెల్లదా? చూసి చెప్పండి" అని పిల్లల చేతికి ఇస్తారు. వాళ్ళు తిప్పి తిప్పి చూస్తారు. నాణెం మామూలుదేనని మనం నిరూపించాల్సిన పని లేకుండా పోతుంది. కొన్న నాణెంతో ఈ సౌకర్యం రాదు. హాఫ్ డాలర్ చూడగానే పిల్లలకి అది మ్యాజిక్ సామాను అని అర్థమైపోతోంది.

కుడి ఉంగరపు వేలికి ఉన్న ఉంగరం ఫింగర్ పామ్‌లో నాణేనికి తగిలి టిక్కుమంటోంది. దాన్ని ఎడమచేతికి మార్చుకోమంటే వెంటనే ఒప్పుకున్నారు.

గాజుల చప్పుడు

ఈ కేసులో నన్ను బాగా ఆకట్టుకున్న భాగం ఇది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆవిడ రెండు చేతులకీ మట్టి గాజులు, వాటి పక్కన బంగారు గాజులు. నాణెం కుడిచేతి నుంచి ఎడమచేతిలో పెట్టినట్టు నటించి కుడిచేతిలోనే ఉంచుకోవడాన్ని ఫాల్స్ ట్రాన్స్‌ఫర్ అంటాం. కంటికి ఆవిడ ట్రాన్స్‌ఫర్ ఇప్పుడు బాగుంది. అయినా ఏదో తేడాగా అనిపిస్తోంది. అప్పుడు నేను వీపు తిప్పి కూర్చుని, "టీచర్ గారూ, ఒకసారి నిజంగా పెట్టండి, ఒకసారి పెట్టినట్టు నటించండి, మీ ఇష్టం వచ్చిన వరసలో" అన్నాను. వినికిడితోనే ఏది నిజమో ఏది నటనో చెప్పగలిగాను.

నిజంగా పెట్టినప్పుడు కుడిచేతి గాజులు ఒక్కసారి మెల్లగా గలగలమంటాయి. తర్వాత ఎడమచేయి మూసుకుని పైకి లేస్తుంది, ఆ చేతి గాజులు మోగుతాయి. ఆ తర్వాత కుడిచేయి ఊరికే పక్కకి పడిపోతుంది. నటించినప్పుడు వరస మారుతోంది. నాణేన్ని అరచేతిలోకి నొక్కుకోవడానికి కుడి మణికట్టు ఎక్కువగా తిరుగుతోంది, అందుకని గాజులు రెండుసార్లు గట్టిగా మోగుతున్నాయి. ఎడమచేయి లేచేసరికి ఆలస్యం అవుతోంది. పైగా కుడిచేయి వెనక్కి లాక్కునే తొందరలో మూడోసారి మోగుతోంది. అన్నిటికంటే చివరి చప్పుడు ఏ చేతి నుంచి వచ్చిందో పిల్లల కళ్ళు ఆ చేతి వైపే వెళ్తాయి. తాము విన్నామని కూడా వాళ్ళకి తెలియదు.

గాజులు తీయించడం సులువే. కానీ అది షరతుకి విరుద్ధం. పైగా ఇంత కచ్చితంగా తప్పు చెప్పే సాధనం వేరే ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి గాజులనే గురువుగా పెట్టుకున్నాం. ముందు నిజంగా నాణెం పెట్టే పనిని మాత్రమే చాలాసేపు చేసి, దాని చప్పుడుని ఫోన్‌లో రికార్డు చేసుకున్నారు. తర్వాత నటించినప్పుడు వచ్చే చప్పుడు దానికి సరిపోయేదాకా సరిచేసుకున్నారు. చప్పుడు కుదరాలంటే మణికట్టు తిప్పడం తగ్గాలి. అది తగ్గాలంటే నాణెం ముందే నడిమివేలు, ఉంగరపు వేళ్ళ కొసల మీద సరైన చోట ఉండాలి. చెవి కోసం చేసిన సవరింపు చేతి పట్టునే బాగుచేసింది.

చివరి చప్పుడు ఎడమచేతిదే కావాలని కూడా నియమం పెట్టుకున్నాం. ఖాళీ పిడికిలి లేచి, గాజులు గలగలమని, అక్కడే ఆగుతుంది. ఆవిడ చూపు కూడా దాని వెంటే వెళ్ళాలి. ఈ చూపు సంగతి మీద మంచి పరిశోధన ఉంది. 2006లో గుస్తావ్ కూన్, మైకేల్ లాండ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. మ్యాజిషియన్ బంతిని పైకి విసిరి పట్టుకుని, చివరిసారి విసిరినట్టు నటిస్తాడు. అతని చూపు కూడా పైకి వెళ్ళినప్పుడు చూసినవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మంది బంతి పైకి వెళ్ళడం చూశామన్నారు. చూపు చేతి మీదే ఉంచినప్పుడు అలా అన్నవాళ్ళు మూడో వంతే. లేని బంతిని మ్యాజిషియన్ ముఖమే చూపించిందన్నమాట. టీచర్ గారి అలవాటు దీనికి పూర్తి విరుద్ధంగా ఉండేది. నాణెం పెట్టినట్టు నటించిన వెంటనే, ఎవరైనా పట్టుకున్నారేమోనన్న టెన్షన్‌తో పిల్లల ముఖాల్లోకి చూసేవారు. బోర్డు మీద లెక్క వేస్తున్నప్పుడు మీరు ఎక్కడ చూస్తారు, పిల్లల వైపా, లెక్క వైపా అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నతో చూపు సర్దుకుంది.

దాచిన చేతికి పని

నాణెం ఉన్న చేయి ఊరికే ఉండకూడదు, నిజమైన పని ఒకటి చేయాలి. ఇది పుస్తకాలన్నీ చెప్తాయి. ఏ పని అన్నది మాత్రం మనిషిని బట్టి మారుతుంది. ప్యాంటు వేసుకున్నవాడికి పెన్ను తీయడం, మంత్రదండం పట్టుకోవడం చెప్తారు. లెక్కల టీచర్ చేతిలో మంత్రదండం ఎందుకు ఉంటుంది?

అందుకని మ్యాజిక్ లేకుండా మామూలుగా పాఠం చెప్తున్నప్పటి వీడియో ఒకటి అడిగాను. అది చూస్తూ ఆవిడ చేతులు ఏమేం చేస్తున్నాయో రాసుకున్నాను. చాక్‌పీస్ పట్టుకోవడం, విరవడం, వేలికి అంటిన పొడి దులుపుకోవడం. బోర్డు తుడిచే ముందు కుడిచేత్తో ఎడమచేతి గాజులు మోచేతి వైపు తోసుకోవడం. కొంగు తిప్పి నడుం దగ్గర రొండిన దోపుకోవడం. కళ్ళజోడు సర్దుకోవడం. ఇవన్నీ ఎవరూ పట్టించుకోని పనులు. పిల్లలు ఏళ్ళుగా రోజూ చూస్తున్నవి.

చాక్‌పీస్ అన్నిటికంటే బాగా పనికొచ్చింది. చాక్‌పీస్ పట్టుకున్న చేతికి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు దగ్గరగా ఉండటం సహజం, మిగిలిన రెండు వేళ్ళు లోపలికి వంగి ఉండటం సహజం. క్లాసిక్ పామ్‌లో నాణెం ఉన్న చేయి కూడా సరిగ్గా అదే ఆకారంలో ఉండాలి. బోర్డు మీద రాస్తుంటే చేతి వెనక భాగమే తరగతికి కనిపిస్తుంది. అందుకని సాధన కూడా అలాగే పెట్టాం. నాణెం అరచేతిలో పెట్టుకుని నిజంగా బోర్డు మీద లెక్కలు వేయాలి, అక్షరం మారకూడదు. మొదట్లో ఆవిడ అంకెలు పెద్దవయ్యాయి, గీతలు వణికాయి. కండ నాణేన్ని అవసరానికి మించి గట్టిగా నొక్కుతోందని దాని అర్థం. నొక్కు తగ్గించుకుంటూ పోతే రాత మామూలైంది. నాణెం పడిపోని కనీసపు నొక్కు ఎంతో చేతికి తెలియాలి, అంతకు మించి ఒక్క పిసరు కూడా ఎక్కువ వద్దు.

చాక్‌పీస్‌తో ఒక చిక్కూ ఉంది. ఆ పొడి అరచేతిని ఆరబెట్టేస్తుంది, చర్మం మరీ పొడిబారితే నాణెం నిలవదు. ఎండాకాలం ఒంటిపూట బడుల్లో దీనికి పూర్తిగా రివర్సు, చెమటకి నాణెం అతుక్కుపోయి వదలమన్నప్పుడు వదలదు. తడి గుడ్డతో ఒకసారి తుడుచుకుని, ఆరీ ఆరకముందే మొదలుపెట్టడం ఆవిడకి సరిపడింది. పౌడర్ రాసుకోవద్దని చెప్పాను.

గాజులు తోసుకోవడాన్ని ఫాల్స్ ట్రాన్స్‌ఫర్ ముందు పెట్టాం. నాణెం ఫింగర్ పామ్‌లో ఉండగానే కుడిచేత్తో ఎడమ గాజులు పైకి తోసుకుంటే రెండు లాభాలు. ఆ చేతికి పని దొరుకుతుంది, పైగా నాణెం ఉన్నా ఆ చేయి మామూలుగానే ఉంటుందని చూసేవాళ్ళకి మనం చెప్పకుండానే అలవాటవుతుంది.

వదిలించుకోవడం

చేతిలో ఉన్నదాన్ని చడీచప్పుడు లేకుండా వదిలించుకోవడాన్ని డిచ్ అంటాం. జేబులు లేనివాళ్ళు ఆగిపోయేది ఇక్కడే. చీరలో మాత్రం, వెతికితే, కోటులో కంటే మంచి చోట్లు దొరికాయి.

మొదటిది కొంగు. రొండిన కొంగు దోపుకునే చేయి, నాణేన్ని కూడా దాంతోపాటే లోపలికి వదిలేసి ఖాళీగా బయటికి వస్తుంది. మొదట నాణెం కుచ్చిళ్ళ వెంట జారి కింద పడింది. టైలర్‌తో లంగా నడుం పట్టీకి బయటివైపు, కొంగు దోపే చోటే, చిన్న జేబు కుట్టించుకున్నారు. నోరు కాస్త వెడల్పుగా ఉండేలా పైఅంచుకి లోపల దళసరి గుడ్డ పట్టీ వేయించాం. ఇప్పుడు వేలు వెతుక్కోనక్కర్లేదు.

రెండోది ఒడి. టేబుల్ వెనక కూర్చుని వస్తువుని ఒడిలోకి జారవిడవడాన్ని లాపింగ్ అంటారు. ఇటలీలో పుట్టి న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్న టోనీ స్లైడినీ దీనికి ప్రసిద్ధుడు. ప్యాంటులో మోకాళ్ళ మధ్య సందు ఉంటుంది, నాణెం నేల మీద పడకుండా చూసుకోవడమే ఒక పని. చీరలో మోకాళ్ళు కాస్త ఎడంగా పెట్టుకుంటే మధ్యలో గుడ్డ బిగుతుగా పరుచుకుని వస్తువుని ఆపేస్తుంది. ఈ టెక్నిక్‌కి చీరే సరైన బట్ట అని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. అయితే పట్టు చీర మీద నాణెం జారిపోతుంది. గంజి పెట్టిన కాటన్ మీద పడితే టప్‌మని వినిపిస్తుంది. నాలుగైదుసార్లు ఉతికి మెత్తబడిన మంగళగిరి కాటన్ చక్కగా కుదిరింది. స్పాంజి బంతులకి ఏ చీరైనా ఒకటే.

ఒక హెచ్చరిక. బళ్ళలో టీచర్ల టేబుళ్ళు చాలావాటికి ముందు వైపు మూసి ఉండదు. పిల్లలు నేల మీద కూర్చుంటే ఒడి మొత్తం కనిపిస్తుంది. కాబట్టి లాపింగ్‌ని బెంచీలు ఉన్న తరగతి గదికీ, ముందు గుడ్డ కప్పిన టేబుల్‌కీ మాత్రమే ఉంచాం.

మూడోది చాక్‌పీసుల డబ్బా. దాని గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. చాక్‌పీస్ కోసం డబ్బాలో పెట్టిన చేయి నాణెం వదిలి చాక్‌పీస్‌తో వస్తుంది. అడుగున మడతపెట్టిన గుడ్డ వేయకపోతే చప్పుడవుతుంది, అంతే.

ఇదంతా కొత్త ఆలోచన అని నేను అనడం లేదు. మన వీధుల్లో గారడీ చేసేవాళ్ళకి కోటు ఎప్పుడుంది? నేల మీద గొంతుక్కూర్చుని, చుట్టూ జనం నిలబడి ఉండగా, గిన్నెలూ బంతులూ ఆడించారు. వాళ్ళ గిన్నెలు లోతు తక్కువ, మీద ఒక బొడిపె ఉంటుంది. ఆ బొడిపెని రెండు వేళ్ళ మధ్య పట్టి గిన్నె ఎత్తుతారు, మిగతా వేళ్ళు గిన్నె అంచు దగ్గర బంతితో పని చేసుకుంటాయి. జోలెలో చేయి పెట్టి ఏదో ఒకటి తీయడం, చిటికెడు మట్టి తీసి చల్లడం, డమరుకం అందుకోవడం, అన్నీ చేతికి పని కల్పించేవే. పైనుంచి చూసే జనానికి తగ్గట్టు వాళ్ళ పట్లు పుట్టాయి. కింది నుంచి చూసే పిల్లలకి తగ్గట్టు టీచర్ గారి పట్లు పుట్టాలి.

థంబ్ టిప్, గోరింటాకు

థంబ్ టిప్ అంటే బొటనవేలికి తొడిగే బోలు తొడుగు, రుమాలు అందులోకి పోతుంది. దుకాణాల్లో దొరికేవి చాలావరకు తెల్లవాళ్ళ చర్మం రంగులో ఉంటాయి. రంగు కంటే వేలు పట్టే దిశ ముఖ్యమని నేను నేర్పుతాను. బొటనవేలి కొస నేరుగా చూసేవాళ్ళ వైపు తిరిగి ఉంటే పొడవు తెలియదు, రంగు తేడా కూడా తెలియదు. మామూలు రోజుల్లో టీచర్ గారికి అది బాగానే కుదిరింది.

ఆషాఢంలో ఆవిడ గోరింటాకు పెట్టుకున్నారు. తొమ్మిది వేళ్ళ కొసలు ఎర్రగా పండి, పదోది పాలిపోయిన ప్లాస్టిక్. ఏ దిశలో పట్టినా ఆ ఒక్క వేలు విడిగా కనిపిస్తోంది. తొడుగుకి ఎర్రటి నెయిల్ పాలిష్ వేసి చూశాం, ఎండలో మెరిసింది. వేళ్ళ మీది రంగు కొన్నాళ్ళకి పోతుంది గానీ గోళ్ళ మీది రంగు గోరు పెరిగేదాకా ఉంటుంది. గోరింటాకు మానేయమని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పాలనీ అనిపించలేదు. ఆ నెలల్లో థంబ్ టిప్‌ని పక్కన పెట్టి, రుమాలుని చిన్నగా నలిపి ఫింగర్ పామ్‌లోంచి రొండి జేబులోకి పంపే పద్ధతి నేర్చుకున్నారు. చివరికి అదే ఆవిడకి ఎక్కువ నచ్చింది, తొడుగు వాడటమే తగ్గించేశారు.

ఫలితం, మిగిలిన పని

నవంబర్ 14న బాలల దినోత్సవం రోజు బడి ఆవరణలో చేశారు. స్టూలు మీద కూర్చుని, ముందు వరసని రెండు మీటర్ల దూరంలో చాక్‌పీస్ గీత గీసి ఆపారు. పక్కల నుంచి చూడకుండా వరసల్ని రెండు వైపులా కుదించారు. పది రూపాయల నాణెం పిల్లల చేతుల్లో తిరిగి వచ్చింది. గాజులు తోసుకున్నారు, నాణెం ఎడమచేతిలో పెట్టినట్టు నటించారు, కొంగు దోపుకున్నారు, చాక్‌పీస్ అందుకున్నారు. ఎడమ పిడికిలి మీద చాక్‌పీస్‌తో సున్నా గీసి తెరిస్తే ఏమీ లేదు. వీడియోలో ఒక అబ్బాయి అలవాటు ప్రకారం కుడిచేయి చూపించమని గట్టిగా అడగడం వినిపిస్తుంది. ఆవిడ తొందరపడకుండా చాక్‌పీస్‌ని ఎడమచేతిలోకి మార్చుకుని కుడి అరచేయి తెరిచి చూపించారు. ఆ తొందరపడకపోవడం చూసి నాకు చాలా గర్వంగా అనిపించింది.

అన్నీ సర్దుకోలేదు. అయిపోగానే పిల్లలు వెనక నుంచి మూగుతారు, అప్పుడు రొండి జేబు దగ్గర చేయి పెట్టడం కష్టం. అలాంటప్పుడు రెండో ట్రిక్కు అడిగితే చేయొద్దని ప్రస్తుతానికి చెప్పాను. ఎడమచేతి క్లాసిక్ పామ్ ఇంకా బిగుతుగానే ఉంది. ఆవిడ ఎడమచేత్తో రాయరు కాబట్టి చాక్‌పీస్ సాధన దానికి పనికిరాదు. డస్టర్ పట్టుకునేది ఎడమచేత్తోనే అని పాఠం వీడియో మళ్ళీ చూస్తే తెలిసింది. డస్టర్ చెక్క వెనక నాణెం పెట్టుకుని బోర్డు తుడిచే సాధన ఈమధ్యే మొదలుపెట్టాం. చెక్కకి నాణెం తగిలి చప్పుడవుతోంది. పట్టుకునే వైపు పలుచటి ఫెల్ట్ ముక్క అంటించి చూడాలి.